జ్వరం ఎన్ని డిగ్రీలు పెరిగింది? – ఉష్ణోగ్రతా కొలమానాల కథ

జ్వరంతో ఉన్న రోగిని పరీక్షించేటప్పుడు వైద్యులకు రెండు విషయాలు తెలియాలి. మొదటిది, ప్రస్తుతం శరీర ఉష్ణోగ్రత ఎంత ఉన్నది? రెండవది, ఉదయం నుంచి సాయంత్రానికి, లేక నిన్నటి నుంచి నేటికి, అది ఎంత మారింది? మొదటిది ఒక స్థానం. రెండవది రెండు స్థానాల మధ్య దూరం. రెండింటినీ మనం 'డిగ్రీలు' అన్న ఒకే మాటతో చెప్పుకుంటాము. ఒకే కొలమానంలో ఉన్నంతవరకు దీని వలన చిక్కు లేదు. సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు గాని, ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు గాని మార్చవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

మన దేశంలో ఈ అవసరం తరచుగా కలుగుతుంది. వాతావరణ సూచనలు సెల్సియస్‌లో వస్తాయి. ఇంట్లో జ్వరాన్ని మాత్రం చాలామంది నేటికీ ఫారెన్‌హీట్‌లోనే చెప్పుకుంటారు. వైద్య గ్రంథాలు, పరిశోధన పత్రాలు ఎక్కువగా సెల్సియస్‌లో ఉంటాయి. నేను ప్రభుత్వ వైద్యశాలల్లో పనిచేసిన రోజుల్లో వార్డులో మంచానికి తగిలించిన జ్వరపట్టికలు ఫారెన్‌హీట్‌లో ఉండేవి. మేము చదువుకునే పత్రికలు సెల్సియస్‌లో ఉండేవి. ఈ రెండు భాషల మధ్య అనువాదం సరిగా జరగాలంటే ఆ కొలమానాలు ఎలా పుట్టాయో కొంత తెలిసి ఉండాలి.

సున్న ఎక్కడ పెట్టాలి?

ఇటలీలో 16వ శతాబ్దపు చివర, 17వ శతాబ్దపు తొలినాళ్ళలో గెలీలియో, ఆయన సమకాలికులు వేడికి గాలి వ్యాకోచించే గుణాన్ని ఆధారం చేసుకొని ఉష్ణదర్శకాలను తయారుచేశారు. పాడువా విశ్వవిద్యాలయంలో వైద్యాచార్యుడైన సాంటోరియో (1561–1636) అటువంటి పరికరానికి కొలతగీతలు చేర్చి, రోగుల వేడిని తెలుసుకొనడానికి వాడాడు. అయితే ఆ గాలి ఉష్ణమాపకాలు తెరచి ఉండేవి కాబట్టి వాతావరణ పీడనం మారినా వాటిలోని ద్రవమట్టం మారేది. 17వ శతాబ్దపు మధ్యలో టస్కనీ పాలకుడు రెండవ ఫెర్డినాండో ఆస్థానంలో మద్యసారం నింపి మూసివేసిన గాజునాళాలు తయారైన తరువాత ఈ లోపం తొలగింది.

ఇంకొక లోపం మిగిలింది. ఒక్కొక్క పనివాడు తనకు తోచిన చోట సున్న పెట్టి, తనకు తోచినన్ని భాగాలు చేసేవాడు. ఒక ఊరిలోని 20 డిగ్రీలకు, మరొక ఊరిలోని 20 డిగ్రీలకు సంబంధం ఉండేది కాదు. పొడవుకు సున్న అంటే పొడవు లేకపోవడమే. బరువుకు సున్న అంటే బరువు లేకపోవడమే. వేడికి అటువంటి సహజమైన సున్న ఆనాటివారికి తెలియదు. అందువలన సున్న ఎక్కడ పెట్టాలి, అడుగు ఎంత పెద్దది ఉండాలి అనే రెండు నిర్ణయాలు మనుషులే చేయవలసి వచ్చింది. నేటి మన చిక్కుకు మూలం ఈ రెండు నిర్ణయాలే.

ఫారెన్‌హీట్

డేనియల్ గాబ్రియేల్ ఫారెన్‌హీట్ 1686లో డాన్సిగ్ నగరంలో జన్మించాడు. 1701లో తల్లిదండ్రులు విషపు పుట్టగొడుగులు తిని ఒకే రోజున మరణించారు. వ్యాపారం నేర్చుకొమ్మని ఆయనను ఆమ్‌స్టర్‌డామ్ పంపించారు. అక్కడ ఆయన దృష్టి శాస్త్రపరికరాల మీదకు మళ్ళింది. 1708లో కోపెన్‌హాగెన్ వెళ్ళి, ఖగోళ శాస్త్రజ్ఞుడు రోమర్‌ను కలిశాడు. రోమర్ కొలమానంలో నీరు గడ్డకట్టే స్థానం 7.5, మరిగే స్థానం 60. ఫారెన్‌హీట్ ఆ కొలమానాన్నే తీసుకొని, ఒక్కొక్క భాగాన్ని నాలుగు భాగాలు చేసి, తరువాత సవరించుకున్నాడు. 1714 నాటికి ఆయన పాదరసపు ఉష్ణమాపకాలను తయారుచేశాడు. ఒకదానితో మరొకటి సరిపోలే ఉష్ణమాపకాలను చేయగలగడం ఆయన సాధించిన గొప్ప విజయం.

1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆయన మూడు స్థిరస్థానాలను వివరించాడు. మంచు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమం సున్న. మంచు, నీరు కలిసి ఉన్న స్థానం 32. ఆరోగ్యవంతుని నోటిలోనో చంకలోనో ఉంచినప్పుడు పాదరసం నిలిచే స్థానం 96. ఈ సంఖ్యలు మనకు వింతగా కనిపిస్తాయి గాని, 32కు 96కు మధ్య ఉన్న 64 భాగాలను సగం, ఆ సగంలో సగం చొప్పున ఆరు పర్యాయాలు విభజిస్తే ఒక్కొక్క డిగ్రీ వస్తుంది. గాజు మీద గీతలు గీసే పనివానికి ఇది సులువైన పద్ధతి. ఆయన 1736లో మరణించిన తరువాత నీరు మరిగే స్థానాన్ని 212గా స్థిరపరచి కొలమానాన్ని సరిదిద్దారు. నీరు గడ్డకట్టే స్థానానికి, మరిగే స్థానానికి మధ్య 180 డిగ్రీలు నిలిచాయి. ఆ సవరణతో ఆరోగ్యవంతుని ఉష్ణోగ్రత 96 నుంచి 98 దాటిన స్థానానికి జరిగింది. శరీరం మారలేదు, గీతలు మారాయి.

సెల్సియస్, రేమ్యూర్

ఫ్రాన్సులో రేమ్యూర్ 1730లో నీరు గడ్డకట్టే స్థానాన్ని సున్నగా, మరిగే స్థానాన్ని 80గా తీసుకున్నాడు. ఈ కొలమానం ఐరోపా ఖండంలో చాలాకాలం వాడుకలో ఉన్నది. స్వీడన్‌లోని ఉప్సాలా నగరంలో ఖగోళ శాస్త్రాచార్యుడైన ఆండర్స్ సెల్సియస్ 1742లో ఆ రెండు స్థానాల మధ్య దూరాన్ని 100 భాగాలు చేశాడు. అయితే ఆయన మరిగే స్థానానికి సున్న, గడ్డకట్టే స్థానానికి 100 పెట్టాడు. ఆ లెక్కన ఆరోగ్యవంతుని వేడి 63 అవుతుంది. జ్వరం రెండు డిగ్రీలు పెరిగితే సంఖ్య 61కి దిగుతుంది. 1744లో సెల్సియస్ మరణించిన కొద్దికాలానికే కొలమానాన్ని తిరగవేసి, నేడు మనకు తెలిసిన రూపంలోకి తెచ్చారు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో క్రిస్టిన్ 1743లోనే గడ్డకట్టే స్థానం సున్నగా, మరిగే స్థానం 100గా గల కొలమానాన్ని విడిగా ప్రతిపాదించాడు.

ఇప్పుడు లెక్క చూద్దాము. నీరు గడ్డకట్టే స్థానం నుంచి మరిగే స్థానం వరకు ఉన్న దూరం ఒక్కటే. దానిని సెల్సియస్ 100 అడుగులలోను, ఫారెన్‌హీట్ 180 అడుగులలోను, రేమ్యూర్ 80 అడుగులలోను నడుస్తారు. కాబట్టి ఒక సెల్సియస్ అడుగు 1.8 ఫారెన్‌హీట్ అడుగులకు సమానం. సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌కు మార్చేటప్పుడు 1.8తో గుణించి 32 కలుపుతాము. 1.8 అడుగు పరిమాణానికి సంబంధించినది. 32 సున్న ఉన్న చోటికి సంబంధించినది.

శకాలు, సంవత్సరాలు

శాలివాహన శక సంవత్సరానికి 78 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శక సంవత్సరం వస్తుంది. శక సంవత్సరం 1880లో పుట్టిన వ్యక్తికి 1940లో షష్టిపూర్తి జరిగిందనుకుందాము. క్రీస్తు శకంలో అవి 1958, 2018. రెండు లెక్కలలోను ఆయన వయసు 60 సంవత్సరాలే. పుట్టిన సంవత్సరానికి 78 కలుపుతాము గాని, వయసుకు 78 కలిపి 138 ఏళ్ళ వృద్ధుడని ఎవరూ అనరు. తేదీ స్థానం, వయసు దూరం. దూరానికి సున్నతో పని లేదు.

హైదరాబాదు రాజ్యంలో వాడుకలో ఉన్న హిజ్రీ లెక్కలో సున్న స్థానం వేరు. సంవత్సరం నిడివి కూడా వేరు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి అదే వ్యక్తికి ఆ లెక్కలో దాదాపు 62 ఏళ్ళు వస్తాయి. ఇక్కడ వయసును నిడివుల నిష్పత్తితో గుణించాలి. శకాల మధ్య తేడాను మాత్రం కలపనవసరం లేదు. సెల్సియస్, ఫారెన్‌హీట్‌ల సంబంధం ఇటువంటిదే.

సంఖ్యలతో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఒక రోగికి ఉదయం 37.2 డిగ్రీల సెల్సియస్, సాయంత్రం 39.2 డిగ్రీల సెల్సియస్ ఉన్నాయి. ఫారెన్‌హీట్‌లో అవి 98.96, 102.56. సెల్సియస్‌లో పెరుగుదల 2 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో 3.6 డిగ్రీలు. రెండు సంఖ్యలలోను ఉన్న 32, తీసివేతలో రద్దయిపోయింది. ఎవరైనా 2 డిగ్రీల పెరుగుదలను పూర్తి సూత్రంలో వేస్తే 35.6 వస్తుంది. ఉదయపు వేడికి అన్ని డిగ్రీలు చేరితే ఏ మనిషీ బ్రతకడు. అదే విధంగా 3 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుదల అంటే 3ను 1.8తో భాగించగా వచ్చే 1.7 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. ముందు 32 తీసివేస్తే మైనస్ 16 వచ్చి, పెరిగిన జ్వరం తగ్గినట్లు కనిపిస్తుంది.

రోగి పడక దగ్గరకు

హాలెండులోని లైడెన్‌లో బోర్‌హావే ఫారెన్‌హీట్ ఉష్ణమాపకాలను వైద్యానికి వాడాడు. ఆయన శిష్యుడు డీ హేన్ వియన్నాలో ఆ అలవాటును కొనసాగించాడు. లివర్‌పూల్ వైద్యుడు జేమ్స్ కర్రీ జ్వరరోగులను చన్నీటితో చల్లబరచి, ఉష్ణోగ్రతలను నమోదు చేసి, 1797లో గ్రంథం ప్రచురించాడు. అయినా 19వ శతాబ్దపు మధ్య వరకు చాలామంది వైద్యులు చేతితో తాకి చూడడమే చాలుననుకున్నారు.

ఆ పరిస్థితిని మార్చినవాడు జర్మనీలోని లైప్‌జిగ్ వైద్యాచార్యుడు కార్ల్ వుండర్లిష్. సుమారు 25,000 మంది రోగుల ఉష్ణోగ్రతల ఆధారంగా 1868లో ఆయన తన గ్రంథాన్ని వెలువరించాడు. ఆరోగ్యవంతుల సగటు 37 డిగ్రీల సెల్సియస్ అని, తెల్లవారుజామున వేడి తక్కువగాను, సాయంకాలం ఎక్కువగాను ఉంటుందని చెప్పాడు. వ్యాధిని గుర్తించడానికి ఒక్క కొలత చాలదని, రోజురోజుకు జ్వరం ఎక్కి దిగే తీరును గమనించాలని బోధించాడు. మంచానికి తగిలించే జ్వరపట్టికకు అంత ప్రాధాన్యం వచ్చింది ఆయన వల్లనే. ఆయన వాడిన ఉష్ణమాపకాలు పొడవైనవి. చంకలో చాలాసేపు ఉంచవలసి వచ్చేది. 1860 దశకంలో ఇంగ్లండులో క్లిఫర్డ్ ఆల్బట్ ఆరు అంగుళాల పొడవుతో, ఐదు నిముషాలలో వేడి చూపే ఉష్ణమాపకాన్ని రూపొందించాడు. అటు తరువాత అది వైద్యుని జేబులోకి చేరింది.

వుండర్లిష్ చెప్పిన 37 ఒక గుండు సంఖ్య. దానిని ఫారెన్‌హీట్‌లోకి మార్చగా 98.6 వచ్చింది. దశాంశ బిందువు చూసి, ప్రజలు దానిని అతి సూక్ష్మంగా కొలిచిన సంఖ్య అనుకున్నారు. 98.8 కనిపిస్తే 'కొంచెం వేడి ఉంది' అని దిగులుపడేవారు నేటికీ ఉన్నారు. 1992లో అమెరికాలో మకోవియాక్, ఆయన సహచరులు 148 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి, నోటి ఉష్ణోగ్రత సగటు 36.8 డిగ్రీల సెల్సియస్ అని, అనగా 98.2 డిగ్రీల ఫారెన్‌హీట్ అని కనుగొన్నారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో ప్రచురించిన పరిశీలనలో, అమెరికాలో 19వ శతాబ్దపు తొలినాళ్ళలో పుట్టిన పురుషుల వేడి నేటి పురుషుల కంటె 0.59 డిగ్రీల సెల్సియస్ ఎక్కువని అంచనా వేశారు. ఇది భేదం కాబట్టి ఫారెన్‌హీట్‌లో 1.06 డిగ్రీలు అవుతుంది.

ఒక మాట వచ్చింది, పోయింది

1848లో విలియమ్ థామ్సన్ (తరువాతి లార్డ్ కెల్విన్) ఏ పదార్థపు గుణం మీదా ఆధారపడని ఉష్ణోగ్రతా కొలమానాన్ని ప్రతిపాదించాడు. నేడు ఆయన పేరుతో ఉన్న కొలమానంలో సున్న అనగా పరమశూన్యం. అది మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నది. కెల్విన్ అడుగు, సెల్సియస్ అడుగు సమానం. కాబట్టి మన శరీర ఉష్ణోగ్రత ఆ కొలమానంలో 310.15 అయినా, 2 డిగ్రీల జ్వరం అక్కడా 2గానే ఉంటుంది.

స్థానానికి, భేదానికి మధ్య గందరగోళం శాస్త్రజ్ఞులకూ తెలుసు. 1948లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ సెంటీగ్రేడ్‌కు 'డిగ్రీ సెల్సియస్' అన్న పేరును స్వీకరించింది. ఆ సమయంలోనే ఉష్ణోగ్రతా భేదాలకు 'డెగ్' అనే ప్రత్యేక చిహ్నాన్ని కూడా వాడుకలోకి తెచ్చింది. స్థానానికి ఒక గుర్తు, దూరానికి ఒక గుర్తు. ఆ ఏర్పాటు రెండు దశాబ్దాలు మాత్రమే నిలిచింది. 1967–68 మహాసభ ప్రత్యేక చిహ్నాన్ని రద్దుచేసి, రెండింటికీ ఒకే ప్రమాణం చాలునని నిర్ణయించింది. అప్పటి నుంచి సంఖ్య స్థానమా, భేదమా అన్నది వాక్యాన్ని చదివి మనమే గ్రహించుకోవాలి.

నిత్యజీవితంలో దీని ప్రయోజనం

రక్తం ఎక్కించేటప్పుడు కలిగే జ్వరాన్ని తీసుకుందాము. ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ లేక అంతకు మించి ఉండి, రక్తం ఎక్కించక ముందు కంటె కనీసం 1 డిగ్రీ పెరిగితే దానిని రక్తదానపు ప్రతిచర్యగా అనుమానించాలి. ఈ నిర్వచనంలో రెండు రకాల సంఖ్యలూ ఉన్నాయి. 38 స్థానం, అది 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ అవుతుంది. 1 డిగ్రీ భేదం, అది 1.8 డిగ్రీలు మాత్రమే అవుతుంది. పట్టిక ఫారెన్‌హీట్‌లో ఉండి, పుస్తకం సెల్సియస్‌లో ఉన్నప్పుడు ఈ తేడా తెలిసిన నర్సు, తెలిసిన వైద్యుడు ఉండడం రోగి అదృష్టం. రక్తం ఆపాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం కొంతవరకు ఆ సంఖ్య మీద ఆధారపడుతుంది.

'ఒక్కొక్క డిగ్రీకి ఇంత' అని చెప్పే విలువలలో లెక్క తిరగబడుతుంది. జ్వరంలో ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీకి జీవవ్యాపార ప్రక్రియ వేగం సుమారు 13 శాతం పెరుగుతుందని అమెరికా వైద్యుడు డుబాయ్ చెప్పాడు. ఫారెన్‌హీట్ డిగ్రీ చిన్నది కాబట్టి ఒక్కొక్క ఫారెన్‌హీట్ డిగ్రీకి పెరుగుదల 13ను 1.8తో భాగించగా వచ్చే 7 శాతమే. జ్వరపీడితులకు నీరు, ఆహారం ఎక్కువ అవసరమవడానికి ఇది ఒక కారణం.

పురీషనాళంలో తీసిన ఉష్ణోగ్రత నాలుక క్రింద తీసిన దాని కంటె సాధారణంగా 0.4 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటుంది. ఫారెన్‌హీట్‌లో ఆ తేడా 0.7. ఎక్కడ కొలిచారో చెప్పకుండా సంఖ్య మాత్రమే చెబితే, కొలిచిన చోటు వలన వచ్చిన తేడాను జ్వరం పెరిగిందని పొరబడవచ్చు.

ఇక వేసవి. రెండు తెలుగు రాష్ట్రాలలోను వడగాలులు 2015లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీల సెల్సియస్ చేరి, సాధారణం కంటె 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువ ఉంటే అది వడగాలి. అంతకు మించితే తీవ్రమైన వడగాలి. విదేశాలలో ఉన్న మన పిల్లలకు ఈ వార్తను ఫారెన్‌హీట్‌లో చెప్పాలంటే 40 డిగ్రీలు 104 అవుతాయి, 4.5 డిగ్రీల అదనపు వేడి 8.1 అవుతుంది. ఆ 4.5ను పూర్తి సూత్రంలో వేసి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగిందంటే వినేవారు నమ్మరు. నమ్మకపోతే హెచ్చరిక వ్యర్థమవుతుంది. భూతాపం గురించి 2015 పారిస్ ఒప్పందంలో పేర్కొన్న 1.5, 2 డిగ్రీలు కూడా భేదాలే. ఫారెన్‌హీట్‌లో అవి 2.7, 3.6 డిగ్రీలు.

పాఠకులు గుర్తుంచుకొనవలసినవి

ఇంట్లో జ్వరం చూసినప్పుడు సంఖ్యతో పాటు కొలమానం పేరు, వేళ, కొలిచిన చోటు వ్రాసి పెట్టుకొనండి. నేటి డిజిటల్ ఉష్ణమాపకాలు కొన్నిటిలో ఒక మీట నొక్కితే కొలమానం మారిపోతుంది. తెర మీద ఏ కొలమానం ఉన్నదో చూసిన తరువాతే సంఖ్యను చదవండి. వీలైనంతవరకు ఒకే ఉష్ణమాపకంతో, ఒకే చోట, ఒకే కొలమానంలో చూస్తే మార్పిడి అవసరమే ఉండదు.

మార్చవలసి వస్తే ముందు ఒక ప్రశ్న వేసుకొనండి: ఇది 'ఎంత ఉంది' అన్న సంఖ్యా, 'ఎంత మారింది' అన్న సంఖ్యా? ఎంత ఉంది అన్నదయితే సెల్సియస్‌ను 1.8తో గుణించి 32 కలపాలి. ఎంత మారింది అన్నదయితే 1.8తో గుణించి ఊరుకోవాలి. అనుమానం వస్తే రెండు కొలతలను విడివిడిగా మార్చి తీసివేయండి. సరైన జవాబు తప్పక వస్తుంది.

మూడు నెలలలోపు పసిబిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా 38 డిగ్రీల సెల్సియస్, లేక అంతకు మించి ఉంటే రేపటి కొలత కోసం ఆగకూడదు. వెంటనే వైద్యులకు చూపించాలి. ఎండలో తిరిగినవారు 104 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడితో మాట తడబడినా, స్పృహ తప్పినా వెంటనే శరీరాన్ని చల్లబరుస్తూ వైద్యశాలకు తరలించాలి. అక్కడ స్థానమే ముఖ్యం. మిగిలిన జ్వరాలలో ఎక్కువ భాగం, ఎక్కి దిగే తీరులోనే తమ స్వభావాన్ని తెలుపుతాయి. అందుకే మీరు వ్రాసిపెట్టిన నాలుగు అంకెల కాగితం వైద్యులకు ఎంతో సహాయపడుతుంది.